స్పీకరు, సరఫరా చూసి ఆంప్లిఫయర్ సర్క్యూట్‌ను ఎంచుకోవడం

సొంతంగా ఆంప్లిఫయర్ తయారు చేసుకోవాలనుకునేవారు సాధారణంగా వాట్ల లెక్కతో మొదలుపెడతారు. కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణాలలో కూడా బేరం ఎక్కువగా అక్కడి నుంచే మొదలవుతుంది. నిజానికి ముందు తేల్చుకోవలసినవి రెండే సంగతులు: మీ దగ్గరున్న స్పీకరు ఎన్ని ఓమ్‌లది, దానికి మీరు ఇవ్వగల డీసీ సరఫరా ఎన్ని వోల్టులది. ఈ రెండూ తెలిస్తే వాట్లు లెక్కలో వాటంతట అవే తేలతాయి, ఏ ఐసీ (ఆంప్లిఫయర్ సర్క్యూట్ చాలావరకు ఇమిడి ఉన్న చిప్) కొనాలో కూడా దాదాపు నిర్ణయమైపోతుంది.

లెక్క చాలా సులభం. ఒకే సరఫరాతో నడిచే మామూలు సర్క్యూట్‌లో, సరఫరా వోల్టేజీలో సగం తీసుకుని, ఐసీలో పోయే నష్టానికి ఒక వోల్టు తగ్గించి, వచ్చిన సంఖ్యను దానితోనే గుణించి, స్పీకరు ఓమ్‌ల రెట్టింపుతో భాగించాలి. 12 వోల్టుల అడాప్టరు, 4 ఓమ్‌ల స్పీకరు అనుకుంటే 25ను 8తో భాగించగా సుమారు 3 వాట్లు వస్తుంది. అదే 8 ఓమ్‌ల స్పీకరైతే ఒకటిన్నర వాటు. పెట్టె మీద పీఎంపీఓ (ప్రచారం కోసం పెంచి చెప్పే క్షణిక శక్తి) పేరుతో ఎన్ని వందలు ముద్రించి ఉన్నా, 12 వోల్టులతో ఈ పద్ధతిలో స్పష్టంగా వినిపించే శక్తి ఇంతకు మించదు. డేటాషీట్లలోని (తయారీదారు ఇచ్చే వివరపత్రాలలోని) అంకెలు కూడా చాలావరకు 10 శాతం డిస్టార్షన్ (శబ్దం వికృతం కావడం) దగ్గర కొలిచినవే కనుక, వాటిని కొంత తగ్గించి చదువుకోవడం మంచిది.

మూడు వాట్లు అనగానే నిరుత్సాహపడనక్కరలేదు. శక్తి రెట్టింపైతే ధ్వని పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే శక్తి సుమారు పది రెట్లు కావాలి. అపార్ట్‌మెంటు గదిలో పాటలు వినడానికి, మంచి స్పీకరుంటే, మూడు నాలుగు వాట్లు ధారాళంగా చాలు. పది వాట్ల నుంచి పదిహేనుకు వెళ్ళడానికి పెట్టే డబ్బును మెరుగైన స్పీకరు మీద పెట్టడమే తెలివైన పని.

12 వోల్టుల అడాప్టరు ఒక్కటే చేతిలో ఉన్నవారికి ఎల్‌ఏ 4440, టీడీఏ 7297 అనే రెండు ఐసీలు అందుబాటులో ఉంటాయి. మన దేశంలో ‘4440 బోర్డు’ అన్న మాట వినని మెకానిక్ ఉండడు. కారు స్టీరియోల కోసం వచ్చిన ఈ ఐసీ రెండు చానళ్లుగానూ పనిచేస్తుంది, బ్రిడ్జ్ పద్ధతిలో (స్పీకరు రెండు కొసలనూ రెండు ఆంప్లిఫయర్లతో ఎదురెదురుగా నడిపి, పై లెక్క కంటే ఎక్కువ శక్తి రాబట్టే పద్ధతి) కలిపితే ఒకే చానల్‌గా డేటాషీటు ప్రకారం 19 వాట్ల వరకూ ఇస్తుంది. అయితే దీని గెయిన్ 51.5 డెసిబెల్‌లు, అంటే లోపలికి వచ్చిన సంకేతాన్ని ఇది సుమారు 375 రెట్లు పెంచుతుంది. చిన్న సంకేతాలకు అది తగినదే కానీ, మొబైల్ ఫోను నుంచి వచ్చే సంకేతం అప్పటికే పెద్దది కావడం వల్ల వాల్యూమ్ మీట కొంచెం తిప్పగానే శబ్దం పగిలిపోతుంది, గ్రౌండు (సర్క్యూట్ అంతటికీ ఉమ్మడి అయిన సున్నా వోల్టుల) వైర్లు ఏమాత్రం అజాగ్రత్తగా కలిపినా గుయ్‌మనే రొద వినిపిస్తుంది.

అందువల్ల ఫోనో, కంప్యూటరో కలుపుకోదలచినవారికి నేను టీడీఏ 7297నే సూచిస్తాను. దీని గెయిన్ 32 డెసిబెల్‌లు, అంటే 40 రెట్లు మాత్రమే. రెండు చానళ్లూ బ్రిడ్జ్ పద్ధతిలోనే ఉంటాయి కాబట్టి స్పీకరుకు వరుసలో పెద్ద కెపాసిటర్ అవసరం లేదు, 12 వోల్టులతో 8 ఓమ్‌ల స్పీకరు ఒక్కొక్కదానికి ఆరు వాట్ల దాకా వస్తుంది. జాగ్రత్తలు రెండు. స్పీకరు వైర్లలో ఏదీ గ్రౌండుకు తగలకూడదు, రెండు స్పీకర్ల మైనస్ వైర్లను ఒకటిగా కలపకూడదు. అలాగే దీని పరిమితి 18 వోల్టులు కనుక, ఇంట్లో పడి ఉన్న 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టరును, ఒక్క వోల్టే కదా అని కలపవద్దు.

ట్రాన్స్‌ఫార్మర్‌తో చేసుకోదలచినవారికి టీడీఏ 2030 ఇప్పటికీ చక్కని ఎంపిక. అయిదు కాళ్ల ఐసీ, చుట్టూ ఉండే విడి భాగాలు కొన్నే, షార్ట్ అయినా వేడెక్కినా తనను తాను కాపాడుకునే ఏర్పాటు లోపలే ఉంటుంది. చిక్కంతా ట్రాన్స్‌ఫార్మర్ ఎంపికలో ఉంది. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగకు ఇరువైపులా 12 వోల్టుల ఏసీ ఇచ్చేది) నుంచి డయోడ్లు, కెపాసిటర్ల తరువాత లెక్క ప్రకారం ప్లస్ 16, మైనస్ 16 వోల్టులు రావాలి. కానీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు పది శాతమో అంతకంటే ఎక్కువో అదనంగా ఇస్తాయి, అప్పుడు వోల్టేజీ ఈ ఐసీ గరిష్ఠ పరిమితి అయిన 18 దగ్గరికి చేరుకుంటుంది. ఇంట్లో మెయిన్స్ 230 దాటి 245కు ఎక్కిన రోజున ఐసీ పోవచ్చు. 22 వోల్టుల దాకా తట్టుకునే టీడీఏ 2030ఏ దొరికితే 12-0-12 వాడవచ్చు. దొరకకపోతే 9-0-9 తీసుకోవడం క్షేమం. 8 ఓమ్‌ల స్పీకరుకు దానితో ఆరు వాట్లు, పెద్దదానితో పది వాట్లు వస్తాయి, ఈ తేడా రెండు డెసిబెల్‌ల పైచిలుకే.

డయోడ్ల తరువాత సరఫరాను నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. మన 50 హెర్ట్జ్ మెయిన్స్‌తో, ఒక ఆంపియర్ లాగుతున్నప్పుడు 2200 మైక్రోఫారాడ్‌ల కెపాసిటర్ మీద వోల్టేజీ సుమారు నాలుగున్నర వోల్టుల మేర ఊగుతుంది. 4700 వేస్తే అది రెండు వోల్టులకు తగ్గుతుంది. ఔట్‌పుట్ దగ్గర ఒక ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ వరుసగా గ్రౌండుకు వేసి ఉండాలి. చౌక బోర్డులలో ఇవి వదిలేస్తే, చెవికి వినపడనంత అధిక ఫ్రీక్వెన్సీలో ఐసీ డోలనానికి లోనై (తనంతట తానే సంకేతం పుట్టించుకుని), పాట లేకపోయినా వేడెక్కుతుంది.

ఎల్‌ఎం 386 గురించి ఒక మాట చాలు. బ్యాటరీతో నడిచే చిన్న రేడియోకో, సోల్డరింగ్ నేర్చుకోవడానికో అది బాగుంటుంది, గదికి సరిపోదు. 5 వోల్టులతో పనిచేసే పీఏఎం 8403 వంటి క్లాస్ డీ (వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ సంకేతాన్ని పెంచే) బోర్డులు చవక, వేడి తక్కువ. కానీ కాళ్లు బాగా సన్నవి కావడంతో బోర్డు తయారుగా కొనుక్కోవలసిందే, కట్టుకునే ముచ్చట తీరదు.

వేడి సంగతి హైదరాబాదులో తేలికగా తీసుకోరాదు. మే నెలలో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. 12 వోల్టులు, 8 ఓమ్‌లతో టీడీఏ 7297 రెండు చానళ్లకూ కలిపి ఏడు వాట్ల దాకా వేడి పుట్టించగలదు, 4 ఓమ్‌లైతే అది రెట్టింపవుతుంది. కాబట్టి బోర్డుతో వచ్చే వేలెడంత రేకును నమ్ముకోకుండా, రెక్కలున్న అల్యూమినియం హీట్ సింకును పేస్టు రాసి బిగించాలి. టీడీఏ 2030 లోహపు వీపు మైనస్ సరఫరాకు కలిసి ఉంటుంది కనుక, రెండు ఐసీలను వేర్వేరు హీట్ సింకులకు బిగించినా, ఆ సింకులు లోహపు పెట్టెకు తగిలేటట్లుంటే, కరెంటు పారనీయని మైకా షీటు, ప్లాస్టిక్ బుష్ వేయడం తప్పనిసరి.

పాత ఐసీల పేరుతో నకిలీలు విరివిగా అమ్ముడవుతున్నాయి. అందుకే మొదట ఒక్కటే కొని, కట్టి, పరీక్షించి, ఆ తరువాతే మిగిలినవి తీసుకోవాలి. మెయిన్స్ వైపు ఫ్యూజు వేసి, తొలిసారి 60 వాట్ల ఫిలమెంటు బల్బును వరుసలో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి షార్ట్ ఎక్కడో వెతకాలి. తరువాత మల్టీమీటరుతో, రెండు సరఫరాల సర్క్యూట్‌లో ఔట్‌పుట్‌కూ గ్రౌండుకూ మధ్య డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉందా, బ్రిడ్జ్ సర్క్యూట్‌లోనైతే స్పీకరు కలపవలసిన కొసలు రెండింటి మధ్యా అంతే తక్కువగా ఉందా చూడాలి. ఉంటేనే స్పీకరు కలపండి, అదీ మొదట పాత స్పీకరునే.