షేర్డ్ ఫోల్డర్ ఒక్కరికే తెరుచుకోకపోతే డీఎఫ్ఎస్ ట్యాబ్ చూడండి

నల్గొండలో ప్రధాన సర్వర్, మహబూబ్‌నగర్‌లో, దేవరకొండలో శాఖలు ఉన్న ఆఫీసుల్లో తరచూ వినిపించే ఫిర్యాదు: "పక్క సీటులో ఫోల్డర్ తెరుచుకుంటోంది, నాకు మాత్రం దొరకడం లేదంటోంది." ఒక్కరికే ఇలా వస్తే సర్వర్ జోలికి వెళ్లకండి. రీస్టార్ట్ చేస్తే అందరి పనీ ఆగుతుంది, ఆ ఒక్కరి బాధా తీరదు.

విండోస్‌లో వేర్వేరు సర్వర్లలోని ఫోల్డర్లను ఒకే ఉమ్మడి చిరునామా కింద చూపేది డీఎఫ్ఎస్ (డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్); ఆ ఉమ్మడి చిరునామానే నేమ్‌స్పేస్ అంటారు. ముందు ఆ నేమ్‌స్పేస్ దారి వదిలేసి, ఫైల్ సర్వర్ పేరుతో నేరుగా షేర్ తెరిచి చూడండి. అదీ రాకపోతే తప్పు నెట్‌వర్క్‌లోనో, అనుమతుల్లోనో ఉంది. అది వస్తే, ఆ కంప్యూటర్‌లోనే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీఎఫ్ఎస్ ట్యాబ్ తెరవండి. ఎప్పుడో తీసేసిన సర్వర్ పేరు 'యాక్టివ్'గా కనిపిస్తే దొంగ దొరికినట్టే. గుర్తుంచుకున్న ఆ పాత చిరునామా చెరిగిపోయేలా అక్కడే ఉన్న 'క్లియర్ హిస్టరీ' నొక్కండి. కమాండ్ అలవాటున్నవారు అడ్మిన్‌గా 'డీఎఫ్ఎస్‌యుటిల్ క్యాష్ రెఫరల్ ఫ్లష్' (dfsutil cache referral flush) ఇవ్వవచ్చు. మామూలు అమరికలో ఫోల్డర్ చిరునామాను కంప్యూటర్ 1800 సెకన్లు గుర్తుంచుకుంటుంది. "అరగంటకు దానంతటదే బాగైంది" అనే మాట వెనుక చాలాసార్లు ఉన్నది ఇదే.

మహబూబ్‌నగర్ శాఖ మొత్తానికి ఫోల్డర్ నత్తనడక నడుస్తుంటే, ఏ కంప్యూటర్ ఏ శాఖదో చెప్పే యాక్టివ్ డైరెక్టరీ సైట్లలో ఆ శాఖ సబ్‌నెట్ (అక్కడి కంప్యూటర్ల ఐపీ చిరునామాల వరుస) చేర్చారో లేదో చూడండి. చేర్చకపోతే పక్కనే సర్వర్ ఉన్నా ఫోల్డర్ కోసం కంప్యూటర్ నల్గొండ దాకా వెళ్లవచ్చు. అన్ని చోట్లా ఆగిపోతే ముందు డీఎన్ఎస్ (సర్వర్ పేరును ఐపీ చిరునామాగా మార్చే సేవ), ఆ తర్వాత నేమ్‌స్పేస్ సర్వర్‌లో డీఎఫ్ఎస్ సర్వీసు నడుస్తున్నాయో లేదో చూడండి.