చోప్‌ను మ్యాప్ మీద చదవడం ఎలా?

ఉక్రెయిన్‌లోని ఉజ్‌హోరోద్‌లో మెడిసిన్ చదివిన మాకు సరిహద్దు ఊరు చోప్ పక్క ఊరే. పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. జనాభా తొమ్మిది వేలకు అటూ ఇటూ. 2022లో యుద్ధం మొదలైనప్పుడు మన పిల్లలు చాలామంది ఈ ఊరి మీదుగానే హంగేరీలోకి దాటారు కాబట్టి పేరు వినే ఉంటారు. ఊరి కథ మాత్రం మనవాళ్లలో పెద్దగా ఎవరికీ తెలియదు. యుద్ధం నడుస్తుండగా అక్కడిదాకా వెళ్లే పని పెట్టుకోకండి. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిస్తే చాలు.

ముందు తీసా నదిని వెతకండి. నదికి ఇవతల చోప్, అవతల హంగేరీ ఊరు జాహోనీ. ఇప్పుడు మ్యాప్‌ను కాస్త పడమరకు జరపండి. సొలొమొనొవో అనే పల్లె కనిపిస్తుంది, ఉక్రెయిన్‌లో అన్నిటికంటే పడమటి ఊరు అదే. దాన్ని దాటగానే స్లొవేకియా, అక్కడ చియెర్నా నాద్ తిసోవ్ స్టేషన్. మూడు దేశాలు కలిసే చోటు ఇది.

ఇక సరిహద్దు గీతను కాసేపు పక్కనపెట్టి రైలు పట్టాల వెంట వెళ్లండి. చాలామంది గీతతో మొదలుపెట్టి అక్కడే తికమక పడతారు. 1870ల్లో పట్టాలు వేసినప్పుడు ఇక్కడ సరిహద్దే లేదు, చుట్టుపక్కలంతా హంగేరీ రాజ్యమే. చోప్ రైల్వే జంక్షన్ ముందు వచ్చింది, సరిహద్దు గీతలు తర్వాత వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత హంగేరీ హద్దులు తేల్చిన 1920 ట్రియనాన్ ఒప్పందంలో ఊరు చెకోస్లొవేకియాకు పోయింది. ఊళ్లో మాట్లాడేది ఎక్కువగా హంగేరియనే, అయినా తూర్పుకు, రొమేనియా వైపు వెళ్లే లైను చెకోస్లొవేకియాకు కావాలి. 1938 నవంబర్ 2న జర్మనీ, ఇటలీ కలిసి ఇచ్చిన మొదటి వియన్నా తీర్పుతో మళ్లీ హంగేరీ చేతికి. 1944లో సోవియట్ సైన్యం వచ్చింది.

1945 దగ్గర మాత్రం తొందరపడకండి. ట్రాన్స్‌కార్పతియా (చోప్, ఉజ్‌హోరోద్ ఇప్పుడున్న ఉక్రెయిన్ ప్రాంతం) సోవియట్‌లో కలిసింది కాబట్టి చోప్ కూడా కలిసిందని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు. నిజానికి చెకోస్లొవేకియా కాలంలో చోప్ లెక్క ట్రాన్స్‌కార్పతియాలో కాదు, స్లొవేకియా వైపు. జంక్షన్‌ను వదులుకోవడం మాస్కోకు ఇష్టం లేదు, పాత పాలనా హద్దు దాటి మరీ తీసుకుంది. జంక్షన్ పోయాక చెకోస్లొవేకియా తన వైపు చియెర్నాలో పెద్ద యార్డు కట్టుకుంది. 1968లో సోవియట్ నేత బ్రెజ్నెవ్, చెకోస్లొవేకియా నేత దుబ్చెక్ చర్చలు జరిగింది ఆ ఊళ్లోనే. సోవియట్ బృందం ప్రతి రాత్రీ తన రైల్లో ఇవతలికి వచ్చేసేది. చర్చలకు వచ్చిన అతిథులకు ఆతిథ్యం మీద ఎంత నమ్మకమో చూడండి!

పాత మ్యాపులు వెతికేటప్పుడు సి, ఎస్, ఎ, పి అని హంగేరియన్ స్పెల్లింగ్ కొట్టండి. పలకడం దాదాపు చోప్‌లానే ఉంటుంది కానీ ఉక్రెయిన్ స్పెల్లింగ్‌తో 1945కు ముందు మ్యాపులు దొరకడం కష్టం.

తర్వాత స్టేషన్ మీద జూమ్ చేయండి. ఊరికన్నా యార్డే పెద్దదిగా ఉంది కదా? సోవియట్ పట్టాల వెడల్పు 1520 మిల్లీమీటర్లు, యూరప్‌ది 1435. తేడా 85 మిల్లీమీటర్లే, నాలుగు వేళ్ల వెడల్పు కంటే కాస్త ఎక్కువ. ఊరికి తరతరాలుగా తిండి పెట్టింది మాత్రం ఆ తేడానే. గూడ్సు సరుకును ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చాలి. ప్యాసింజర్ బండి అయితే పెట్టెలను విడదీసి, జాకీలతో పైకెత్తి, కింద ఉన్న చక్రాల చట్రాలను నెట్టేసి వేరేవి దోస్తారు. జనం లోపల బెర్తుల మీద పడుకునే ఉంటారు. పెట్టెలను కలిపే కొక్కేలు కూడా రెండు వైపులా ఒకటి కాదు, వాటినీ మార్చాల్సిందే.

యార్డులో కొన్నిచోట్ల రెండు గేజ్‌ల పట్టాలు పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిలో యూరప్ గేజ్‌ది ముకాచెవో దాకా ముందునుంచే ఉంది. ఉజ్‌హోరోద్ వైపు మాత్రం 2025లోనే వేశారు. మ్యాప్‌లోని ఫొటో అంతకుముందుదైతే ఆ లైను కనిపించదు, తేదీ చూసుకోండి.

చివరగా టైమ్‌టేబుల్ చూసేటప్పుడు గడియారం సంగతి. కీవ్ టైము జాహోనీ కంటే గంట ముందు. చోప్‌లో పదింటికి బయలుదేరి జాహోనీకి తొమ్మిదిన్నరకు చేరినట్టు ఉంటే అచ్చుతప్పు కాదు.