బల్ల ఆదివారానికి సిద్ధపడటం

మా క్రైస్తవ సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. సంఘపెద్దగా నా సలహా: సిద్ధపాటును శనివారం రాత్రి ప్రార్థనకు వదిలేయకండి. గురువారమే, మీతో మాటలు లేని మనిషి ఇంటికి మీరే వెళ్లండి. అర్పణను బలిపీఠం దగ్గర విడిచి ముందు సమాధానపడమని బైబిల్లో మత్తయి 5:24లో ఉంది కదా.

ఒంటరిగా వెళ్లండి. "ఏమైనా బాధ కలిగి ఉంటే" అని నీళ్లు నమలకండి. "కానుకల లెక్క గురించి మీ వెనుక మాట్లాడాను వదినా, క్షమించండి" అని సూటిగా చెప్పండి. బాకీ ఉంటే డబ్బు పట్టుకెళ్లండి, లేదా తేదీ చెప్పండి. ఆ గొడవను ప్రార్థన విన్నపమంటూ స్త్రీల కూడికలో విప్పారా, అది చాడీయే!

కొందరు బల్లకు రాకుండా వెనుక బెంచీలో కూర్చుంటారు. అపొస్తలుడైన పౌలు తమను తాము పరీక్షించుకొని తినమన్నాడు (1 కొరింథీ 11:28), మానేయమనలేదు.