వంశవృక్షంలో పాత ఊరి పేర్లు ఎలా రాయాలి?

1904కు ముందు భీమవరం గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడు కృష్ణా జిల్లాలో కలిసింది, 1925 నుంచి పశ్చిమ గోదావరిలో ఉంది. ముత్తాత దస్తావేజులో గోదావరి, తాత స్కూలు రికార్డులో కృష్ణా, తండ్రి సర్టిఫికెట్‌లో పశ్చిమ గోదావరి కనిపిస్తే కుటుంబం మూడు జిల్లాలు మారిందని పొరబడతాం. నిజానికి ఎవరూ ఊరు దాటకపోయి ఉండవచ్చు. అందుకే ప్రతి ఊరికీ మూడు గడులు పెట్టండి: రికార్డులో ఉన్న పేరు, ఆనాటి చిరునామా, నేటి చిరునామా.

1. మొదటి గడిలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. ‘ఎల్లూరు’ అని ఉంటే ‘ఏలూరు’ అని దిద్దొద్దు. బెజవాడ, బందరు, కొకనాడా (కాకినాడ), చికాకోల్ (శ్రీకాకుళం) కూడా అంతే. తర్వాత మరో రికార్డు వెతకాలంటే ఆ పాత రూపమే దారి చూపిస్తుంది. పక్కనే ఏ పత్రం, ఏ సంవత్సరం అన్నది రాయండి.

2. రెండో గడిలో చిన్నదాని నుంచి పెద్దదానికి రాయండి: ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం. 1912లో పుట్టినవారికి ‘భీమవరం, భీమవరం తాలూకా, కృష్ణా జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ’. తాలూకా తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదిలి కామా మాత్రం ఉంచండి, లేకపోతే కంప్యూటర్ ప్రోగ్రాం జిల్లాను తాలూకాగా చదువుతుంది.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు ఘటనలకు తాలూకాయే రాయాలి. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 సెప్టెంబరు వరకు మద్రాసులో, 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రంలో, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. తెలంగాణ జిల్లాలు 1956 అక్టోబరు వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. 1960లో సిద్దిపేటలో పుట్టినవారిది మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. సిద్దిపేట జిల్లా ఏర్పడింది 2016లో కాబట్టి ఆ పేరు మూడో గడికే చెందుతుంది.

భూమి రికార్డుల్లో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటే, మద్రాసు ప్రాంతంలో దానికి 590 కలపండి. ఫసలీ 1334 అంటే 1924 జులై నుంచి 1925 జూన్ దాకా. జిల్లా మారిన ఏడాది ఇలా రెండు సంవత్సరాలు కలిసివస్తే, ఊహించకుండా పత్రంలో ఉన్న జిల్లానే తీసుకోండి.

3. మూడో గడిలో నేటి మండలం, జిల్లా, రాష్ట్రంతో పాటు అక్షాంశ రేఖాంశాలు చేర్చండి. మూడు దశాంశ స్థానాలు చాలు, తేడా సుమారు నూరు మీటర్లలోపే ఉంటుంది. పేరు మళ్లీ మారినా, జిల్లా మళ్లీ చీలినా ఆ అంకెలు మారవు. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లకూ ఇవి నమోదు చేయవచ్చు. అలాంటి చోట ‘ముంపు గ్రామం’ అని రాసి, ప్రజలు తరలివెళ్లిన కొత్త ఊరిని వేరే నమోదుగా ఉంచండి.

కొత్తపల్లి, వెంకటాపురం, రామాపురం లాంటి పేర్లు దాదాపు ప్రతి జిల్లాలో ఉన్నాయి. తాలూకా లేకుండా వాటిని ఖరారు చేయొద్దు. ప్రోగ్రాం తనంతట తానే సూచించే ఊరిని ఒప్పుకోవద్దు. శివారు పల్లె అయితే దాని పేరు ముందు, ప్రధాన గ్రామం తర్వాత రాయండి. దస్తావేజులు ఎక్కువగా ప్రధాన గ్రామం పేరే చెబుతాయి.

ఇంటిపేరు ఊరి పేరులా వినిపించినంత మాత్రాన దాన్ని పుట్టినచోటుగా రాయకండి. అది ఎన్నో తరాల కిందటి ఊరై ఉండవచ్చు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, ఫిజీకి కూలీలుగా వెళ్లినవారి వలస పాసుల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. జిల్లా, తాలూకా, ఊరు వేర్వేరు గడుల్లో ఉంటాయి, తెలుగు రాని గుమాస్తా చెవికి వినబడినట్టు రాశాడు. ఆ అక్షరాలను పైకి చదివి, ముందు అదే తాలూకాలోని ఊళ్లతో పోల్చండి. బర్మాలో తెలుగువారిని పిలిచిన ‘కోరంగి’ అన్న మాట ఓడ ఎక్కిన రేవు పేరు నుంచి వచ్చింది. దాన్ని స్వగ్రామంగా ఎక్కించొద్దు.