డేటాబేస్ రిపోర్టులకు టూల్ ఎంచుకోవడం ఎలా?

ఏ టూల్ మంచిదని ఎవరైనా అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ రిపోర్టు కాగితం మీద చూస్తారా, స్క్రీన్ మీదా? సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

ముందు మీ ఆఫీసులో ఇప్పుడు తీస్తున్న రిపోర్టులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకోసారి, చూసి ఏం చేస్తారు అన్నది పక్కనే రాసుకోండి. ఎవరూ తెరవనివి కొట్టేయండి, చాలానే పోతాయి.

మిగిలినవాటిని రెండు కుప్పలు చేయండి. ఇన్‌వాయిస్, పే స్లిప్ లాంటివి కొలత ప్రకారం ప్రింట్ కావాలి. వాటికి క్రిస్టల్ రిపోర్ట్స్, జాస్పర్‌రిపోర్ట్స్ లాంటివి చూడండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇలాంటి టూల్ ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌కు 2022 వెర్షనే ఆఖరిది, దాని స్థానంలో పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్ వచ్చింది. కాబట్టి కొత్తగా ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌తో మొదలుపెట్టొద్దు.

"ఈ నెల అమ్మకాలు ఏ జిల్లాలో తగ్గాయి?" అని నొక్కుతూ వెతుక్కునేవి రెండో కుప్ప. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష) రానివాళ్లు వాడాలంటే మెటాబేస్ సులువు. ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లుంటే అపాచీ సూపర్‌సెట్ కూడా చూడొచ్చు. రెండూ ఓపెన్ సోర్సే (కోడ్ అందరికీ తెరిచి ఉండేవి) కానీ, సొంతంగా నడుపుకుంటే సర్వర్ చాకిరీ మీదే. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, విండోస్‌లోనే నడుస్తుంది. రిపోర్టును నలుగురికీ పంచాలంటే మాత్రం మామూలుగా తలకో లైసెన్సు కొనాలి. ధర లెక్కేసేది అక్కడ.

నెలకోసారి ఒక్కరే చూసే రిపోర్టయితే ఎక్సెల్‌లోనే ఉండే, డేటాబేస్ నుంచి డేటా తెచ్చుకునే పవర్ క్వెరీ చాలు. ఒక షీట్‌లో 10,48,576 వరసలు పడతాయి.

ఇక పరీక్ష. డెమోలో వాళ్ల డేటాతో అన్నీ బాగానే కనిపిస్తాయి. మీ దగ్గరున్న అన్నిటికన్నా చిక్కు రిపోర్టును మీ డేటాతోనే చేసి చూడండి. అందులో జ్యోత్స్న, లక్ష్మి, కృష్ణ అనే పేర్లు పెట్టి పీడీఎఫ్ తీయండి. కొన్ని టూల్స్ స్క్రీన్ మీద చక్కగా చూపించి, పీడీఎఫ్‌లో ఒత్తులన్నీ విడగొట్టి పక్కన పేరుస్తాయి. అక్షరాలను కలిపే పని ఆ టూల్‌లో పీడీఎఫ్ తయారుచేసే భాగానికి చేతకాదు. అలాగే 12,34,567 అని వస్తుందో, 1,234,567 అని వస్తుందో చూడండి. రెండోది చూస్తే మన అకౌంటెంట్లకు చిరాకు.

టూల్‌ను డేటాబేస్‌కు కలిపేటప్పుడు చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్‌ను ఇవ్వండి. వీలైతే రోజువారీ పని నడిచే లైవ్ డేటాబేస్‌కు కాకుండా దాని నకలుకు (రెప్లికాకు) కలపండి. నేనొకసారి బద్ధకించి, ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర ఏడాది లెక్కల రిపోర్టును పట్టపగలు లైవ్ మీదే నడిపాను. కౌంటర్‌లో బిల్లింగ్ ఆగిపోయింది, క్యూలో జనం, నాకు టెన్షన్.

ట్రయల్ ముగిసేలోపు ఆ రిపోర్టు రోజూ వాడే మనిషిని కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడి నోరు మెదపకుండా చూడండి. ఫిల్టర్ ఎక్కడుందో వెతుక్కోలేక ఎక్సెల్‌కు ఎక్స్‌పోర్ట్ చేస్తున్నారంటే, ఇంకో టూల్ చూడండి.