కొండ అంచున తోపు, చేను, ఇల్లు ఉన్నవాళ్లు అడవి మంటల కాలంలో జాగ్రత్తపడటం ఎలా?

మూడేళ్ల కిందట మార్చి నెలలో మా తోపు కింద చేను ఆయన గట్టు మీద కసువు కాల్చేద్దామని ఉదయం పది గంటలకు అగ్గి పెట్టాడు. అప్పుడు గాలి లేదు, పొగ నిట్టనిలువుగా లేచింది. పదకొండున్నరకు గాలి కొండ వైపు మళ్లింది. ఇంకో అరగంటకు మంట మా తోపులో ఉంది. పిందె మీదున్న తోతాపురి చెట్లు పద్నాలుగు మాడిపోయాయి. అక్కడితో ఆగకుండా కంచె దాటి అడవిలోకి ఎక్కింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఏటా అలాగే కాల్చేవాడు, ఏటా అదే ఆరిపోయేది. ఆ రోజు ఎలాంటి రోజో చూసుకోలేదు, అంతే.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చంద్రగిరి, భాకరాపేట, మామండూరు, కరకంబాడి, పలమనేరు వైపు కొండ పక్కన బతికే వాళ్లందరికీ ఈ భయం ఉంది. మంట లేచాక మనం చేయగలిగింది తక్కువ. లేవకముందు చేయగలిగింది మాత్రం చాలా ఉంది.

ముందు కాలం తెలుసుకోండి

మన దేశంలో నవంబరు నుంచి జూన్ దాకా అడవి మంటల కాలం. దేశంలోని అడవుల్లో 36 శాతానికి పైగా తరచూ మంటలు వచ్చే అవకాశం ఉన్నవేనని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2019 నివేదికలో తేల్చింది. మన దగ్గర అసలు గండం ఫిబ్రవరి నుంచి మే వరకు. శేషాచలం కొండల్లో ఎక్కువగా ఉన్నవి ఆకురాల్చే అడవులు. సంక్రాంతి దాటాక ఆకు రాలడం మొదలవుతుంది, బోదగడ్డి నిలువునా ఎండిపోతుంది. శివరాత్రికి చలి పోయేసరికి కొండంతా పొయ్యిలో పెట్టడానికి సిద్ధంగా ఉన్న చితుకుల్లా ఉంటుంది. 2014 మార్చిలో తిరుమల దగ్గర అడవి అంటుకున్నప్పుడు హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. ఇక్కడ తప్ప ఇంకెక్కడా దొరకని పేరిత మొక్కా ఈ కొండలదే. ఇక్కడ ఒక గుట్ట కాలితే పోయేది గడ్డి ఒక్కటే కాదు.

ఇక్కడి మంటలు దాదాపు అన్నీ మనుషుల చేతుల్లోంచి వచ్చినవే. కాల్చి పారేసిన బీడీ, తేనె కోసం పెట్టిన పొగ, గొడ్లకు కొత్త గడ్డి మొలుస్తుందని అంటించిన బీడు, మా పక్కాయనలా గట్టు మీది కసువు.

ఏ రోజు ప్రమాదమో కనిపెట్టడం ఎలా?

మంటలార్పే వాళ్లు మూడు ముప్పైల లెక్క ఒకటి చెబుతారు. ఎండ 30 డిగ్రీలు దాటడం, గాలిలో తేమ 30 శాతం కంటే తగ్గడం, గాలి వేగం గంటకు 30 కిలోమీటర్లు మించడం. మూడూ కలిస్తే మంట చేతికి అందదు. మనకు మొదటి ముప్పై మార్చి నుంచి రోజూ ఉండేదే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మిగతా రెండూ చూడండి. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు అందరం డిగ్రీలు చూసి ఆపేస్తాం. దాని కిందే హ్యుమిడిటీ అని ఉంటుంది, అదే అసలు అంకె. వాతావరణ శాఖ వాళ్ల మౌసమ్ యాప్‌లో, రైతుల కోసం ఉన్న మేఘదూత్ యాప్‌లో ఈ వివరాలు దొరుకుతాయి. ఎండాకాలంలో ఏ మండలాల్లో వడగాలులు వీస్తాయో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కూడా చెబుతుంది. మీ మండలం పేరు ఉన్న రోజు అగ్గిపెట్టె జేబులోంచి తీయొద్దు.

ఫోన్ లేకపోయినా ఫరవాలేదు. నేను చేసేది చెబుతాను. ఉదయం ఏడింటికి మామిడి చెట్టు కింద ఎండాకు ఒకటి తీసి పిడికిట్లో నలపండి. మెత్తగా ముడుచుకుంటుంది, మంచు చెమ్మ వేలికి తగులుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అదే చోట ఇంకో ఆకు తీసి నలపండి. కరకరమని పొడై అరచేతిలో నుంచి జారిపోతుంది. బోదగడ్డి పుల్ల వంచితే వంగకుండా టప్పున విరుగుతుంది. సన్నటి ఆకు, గడ్డి గంటసేపట్లోనే గాలిలోని తేమను బట్టి మారిపోతాయి. మొద్దులకు అలా కాదు, వారాలు పడుతుంది. అందుకే పొద్దున ఆరిపోయే మంట మధ్యాహ్నం ఆరదు. పొద్దున్నే ఆకు పొడైందంటే మాత్రం ఆ రోజు చాలా చెడ్డ రోజు.

మార్చి, ఏప్రిల్‌లో ఒక మామిడి జల్లు పడితే 'ఇంకేం భయం లేదు' అనుకుంటాం. రెండు రోజులు గట్టి ఎండ కాస్తే ఆ గడ్డి మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక గాలి. కొండ పక్కన గాలికి ఒక పద్ధతి ఉంది. పొద్దెక్కి కొండ వేడెక్కేకొద్దీ గాలి కింది నుంచి పైకి ఎక్కుతుంది, పొద్దు గుంకాక పైనుంచి కిందికి దిగుతుంది. మంట కూడా వాలు పైకి పరుగెడుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం సుమారు రెండింతలవుతుందని ఒక లెక్క. కాబట్టి కొండ పక్కన 30 కిలోమీటర్ల గాలి దాకా ఆగక్కర్లేదు, అందులో సగం ఉన్నా ప్రమాదమే.

ఫైర్ లైన్ ఎక్కడ తీయాలి?

ఫైర్ లైన్ అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ లేకుండా చెక్కి ఉంచే పట్టీ. దాన్ని ఎక్కడ తీయాలన్న దగ్గరే చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. అడవి వైపు కంచె పొడవునా శుభ్రంగా చెక్కించి, కింద రోడ్డు వైపు, చేల వైపు వదిలేశాను. పైనుంచి దిగే మంట మెల్లగా పాకుతుంది, మనకు కాస్త టైమ్ ఇస్తుంది. కింది నుంచి ఎక్కే మంట టైమ్ ఇవ్వదు. ముందు కింది వైపు తీయండి, తర్వాత పక్కలు, చివరికి అడవి వైపు.

గడ్డి ఎంత ఎత్తుందో దానికి కనీసం మూడింతల వెడల్పు ఉండాలి, ఎలాగూ 10 అడుగులకు తగ్గొద్దు. వాలు ఎక్కువుంటే ఇంకా వెడల్పు చేయండి. ట్రాక్టర్ తిరిగే చోట కల్టివేటర్‌తో రెండు మూడు సార్లు దున్నితే చాలు. రాళ్లున్న చోట దోకుడు పారతో మట్టి కనిపించేదాకా చెక్కాలి. గడ్డి కోసి మొదళ్లు వదిలేస్తే అది ఫైర్ లైన్ కాదు. చెక్కిన కసువును లైన్ పక్కనే కుప్ప పోయొద్దు, ఎరువు గుంతలో వేసి మట్టి కప్పండి.

ఈ పని జనవరి ఆఖరుకు అయిపోవాలి. ఆ తర్వాత కూడా ఆకు రాలుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి మీ లైన్ మీద ఎండాకు పరుచుకుని మంటకు వంతెన వేసి పెడుతుంది. పదిహేను రోజులకోసారి ఊడ్చాలి. మా ఇంట్లో ఈ పని మా అమ్మది. చీపురు పుల్లలు కట్టగట్టి పొడవాటి కర్రకు బిగించి, ఎండ రాకముందే ఊడ్చేస్తుంది.

పని మీ పట్టా భూమిలోనే చేయండి. రిజర్వు అడవి లోపల చెక్కాలంటే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌తో మాట్లాడాలి. అడవి లోపల నిప్పు పెట్టడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 కింద నేరం.

తోపులో అంచు రెండు సాళ్ల చెట్ల పాదుల్లో ఎండాకు మల్చింగ్ తీసేయండి. ఎండాకాలంలో మల్చింగ్ మంచిదే కానీ లోపలి సాళ్లకే. నేల మీద ఆనుతున్న కొమ్మలు కత్తిరించండి. డ్రిప్ పైపులు మంటకు మొదట పోతాయి, అంచు సాళ్లలో వీలైతే చుట్టి తీసిపెట్టండి.

ఇంటి దగ్గర గడ్డివామి ఇంటికీ కొట్టానికీ దూరంగా ఉండాలి. పెంకుల సందుల్లో, రేకుల మూలల్లో చేరిన ఆకును ఊడ్చేయండి. ఎగిరొచ్చే నిప్పురవ్వకు అదే చోటు. తొట్టి నింపి ఉంచండి.

కాల్చాల్సిందే అంటే?

నా మాట అడిగితే, ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా కాల్చొద్దు. మామిడి కొమ్మలు ముక్కలు చేయించండి, చెరకు ఆకును సాళ్ల మధ్యే కుళ్లనివ్వండి. ఆలస్యమవుతుందని తెలుసు, కూలీ ఖర్చూ తెలుసు. కాయ పట్టడానికి ఏళ్లు పట్టిన చెట్టు పది నిమిషాల్లో పోవడం కూడా చూశాను.

పొగ కనిపిస్తే

ముందు ఫోన్ చేయండి, తర్వాత పరుగెత్తండి. ఫైర్ స్టేషన్‌కు 101, ఏ అత్యవసరానికైనా 112. మీ రేంజ్ ఆఫీసు, బీట్ ఆఫీసర్ నంబర్లు జనవరిలోనే తీసుకుని ఫోన్‌లో వేసుకోండి. 'కొండ కాలుతోంది' అంటే వాళ్లకు ఏమీ తెలియదు. ఏ ఊరికి ఏ దిక్కున, కొండ అడుగునా నడుమనా, గాలి ఎటు, బండి ఎందాకా వస్తుంది, ఇవి చెప్పండి. వాట్సాప్‌లో లొకేషన్ పంపండి.

ఉపగ్రహాలు పట్టిన మంటలను ఫారెస్ట్ సర్వే వాళ్ల వన అగ్ని పోర్టల్‌లో, నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాప్‌లో ఎవరైనా చూడొచ్చు. కానీ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది రోజుకు కొన్నిసార్లే. చిన్న మంట, చెట్ల కింద పాకే మంట దానికి చిక్కకపోవచ్చు. మ్యాప్‌లో చుక్క లేదని ధీమాగా ఉండొద్దు.

మంట దగ్గరికి వస్తే

ముందు గొడ్ల పలుపులు విప్పండి. వాటి దారి అవి చూసుకుంటాయి. ముసలివాళ్లను, పిల్లలను రోడ్డు మీదికి పంపండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు విప్పేసి నూలు బట్ట వేసుకోండి. చీర కొంగు, లుంగీ బిగించుకోండి.

మోకాలెత్తు లోపు మంటనే కొట్టాలి. అంతకు మించితే వెనక్కి రండి. ఎప్పుడూ మంటకు ఎదురుగా నిలబడొద్దు. కాలిపోయిన వైపు నుంచి మొదలుపెట్టి, పక్కల నుంచి కొట్టుకుంటూ ముందుకు పోవాలి. పచ్చి కానుగ మండలు, తడిపిన గోనె సంచులు చాలు. మండను పైకెత్తి బాదితే రవ్వలు ఎగిరిపోతాయి. నేలకు అదిమి, కాలిన వైపుకు ఈడ్చాలి. మందు కొట్టే స్ప్రేయర్‌ను బాగా కడిగి నీళ్లు నింపితే మంచి పనిముట్టు. ఒంటరిగా వెళ్లొద్దు. ఒకరు దూరంగా నిలబడి గాలిని చూస్తూ కేక వేయాలి.

తప్పించుకోవాల్సి వస్తే కొండ పైకి పరుగెత్తొద్దు. కోనలోకి దిగొద్దు, అది పొగ గొట్టంలా మంటను లాక్కుంటుంది. పక్కకు, కిందికి రండి. దున్నిన చేను, చెరువు, లేకపోతే అప్పటికే కాలి నల్లబడ్డ నేల, ఇవే రక్షణ.

ఈ మాట తీర్థాలకు, ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లకు కూడా. తిరుమల కొండల్లోని కుమారధార తీర్థ ముక్కోటి మాఘ పౌర్ణమికి, తుంబురు తీర్థ ముక్కోటి ఫాల్గుణ పౌర్ణమికి వస్తాయి. రెండూ మంటల కాలమే. దారిలో కర్పూరం వెలిగించడం, వంట చేయడం వద్దు, బీడీ, సిగరెట్ అసలే వద్దు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లను మంట చుట్టుముట్టింది. 20 మందికి పైగా చనిపోయారు. శని, ఆదివారాల్లో మన కుర్రాళ్లు ఎక్కే కొండలూ అలాంటివే.

ఆరిన తర్వాత

మంట ఆరిందని ఇంటికి పోయి పడుకోవద్దు. మొద్దుల్లో, వేళ్లలో, చింత తొర్రల్లో నిప్పు రెండు మూడు రోజులు కూర్చుంటుంది. చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడండి, వేడి తగిలితే తవ్వి నీళ్లు పోసి మట్టి కలపండి. మర్నాడు మధ్యాహ్నం గాలి లేచే టైమ్‌కు మళ్లీ ఒక చుట్టు తిరగండి.

మాడిన మామిడి చెట్లను వెంటనే నరికించొద్దు. మొదట్లో బెరడును గోరుతో గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టుకు ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి, అవతలి వైపు కూడా గీరి చూడండి. ఆకు పోయిన మొద్దుకు ఎండ దెబ్బ తగలకుండా సున్నం పూసి, పాదికి నీళ్లు కట్టి, వానల దాకా ఆగండి. మా పద్నాలుగు చెట్లలో తొమ్మిది ఆగస్టుకు చిగురు వేశాయి. మిగతా ఐదు చోట్ల నిరుడు మొక్కలు పెట్టాం. వాటి చుట్టూ ఈ నెల మళ్లీ చెక్కించాలి.