మ్యూజియంలో స్త్రీల లెక్క ఎలా తీయాలి?

1985లో న్యూయార్క్‌లో కొందరు మహిళా కళాకారులు గొరిల్లా ముసుగులు తొడిగి, అసలు పేర్లు దాచుకుని ‘గెరిల్లా గర్ల్స్’ పేరుతో ఒక బృందం కట్టారు. 1989లో అదే ఊళ్లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో వాళ్లు చేసింది చాలా మామూలు పని. లెక్కపెట్టారు, అంతే. ఆధునిక కళా విభాగాల్లో కళాకారులుగా ఉన్న స్త్రీలు 5 శాతం లోపే. నగ్నరూపాల్లో మాత్రం 85 శాతం స్త్రీలవి. మ్యూజియంలో అడుగు పెట్టాలంటే ఆడవాళ్లు బట్టలు విప్పాల్సిందేనా అని పోస్టర్ వేసి అడిగారు.

ఆ లెక్క మీరూ తీయొచ్చు. కళాచరిత్ర చదివి ఉండక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, రెండు గంటల సమయం చాలు. రాసుకోవడానికి పెన్సిలే పట్టుకెళ్లండి, చాలా మ్యూజియాలు గ్యాలరీల్లో పెన్ను వాడనివ్వవు.

1. ఒక్క గదితో మొదలుపెట్టండి. మొత్తం తిరగాలనుకుంటే సగంలోనే ఓపిక పోతుంది. తాత్కాలిక ప్రదర్శన వద్దు. ఎప్పుడూ ఉండే సేకరణలోంచి ఒక గది ఎంచుకోండి. మ్యూజియం దేన్ని ముఖ్యమనుకుంటుందో అక్కడే తెలుస్తుంది.

2. పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. ఒకదాంట్లో స్త్రీలు చేసిన కృతులు, రెండోదాంట్లో స్త్రీలు కనిపించే కృతులు, మూడోదాంట్లో ఎవరు చేశారో తెలియనివి. పేరు చూసి ఆడో మగో ఊహించకండి. అనుమానం వస్తే మూడో భాగంలో వేసి, ఇంటికెళ్లాక వెతకండి.

3. లేబుల్‌ను చివరి గీత దాకా చదవండి. నా మటుకు అసలు పని ఇదే. చాలామంది పేరు చూసి కదిలిపోతారు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉంటుంది. చాలా మ్యూజియాల్లో ఆ నంబరు, కృతి సేకరణలో చేరిన సంవత్సరంతో మొదలవుతుంది. పక్కనే అది కొన్నదో, దానంగా వచ్చిందో రాస్తారు. ఒక చిత్రకారిణి బతికుండగా కొన్నారా, పోయిన యాభై ఏళ్లకు తెచ్చారా అన్నది ఆ ఒక్క గీతే చెప్పేస్తుంది. వివరణ కూడా చూడండి. ఆమెను ఎవరి భార్యగా, ఎవరి శిష్యురాలిగా పరిచయం చేశారు? పక్కనున్న మగ చిత్రకారుడి గురించి రాసినప్పుడు అతని భార్య ప్రస్తావన ఉందా?

పేరే మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారిణి యూడిత్ లైస్టర్ గీసిన ఒక చిత్రం, ఆ కాలపు పేరొందిన మగ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్‌దిగా చలామణి అయింది. దాని మీద ఆమె గుర్తు, అంటే పేరు తొలి అక్షరాలు, ఒక నక్షత్రం, 1893లో బయటపడ్డాయి. ఆ చిత్రం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

4. నేత, కుట్టు, కుండల విభాగాలకూ వెళ్లండి. పెయింటింగుల గదిలో కనబడని స్త్రీలు తరచు ఇక్కడ ఉంటారు. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చేరిన ఆడపిల్లల్లో ఎక్కువమందిని నేత విభాగానికే పంపేవారు. ఆనీ ఆల్బర్స్ అలా మగ్గం దగ్గరికి చేరిన మనిషే. 1949లో న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఆమె నేతతోనే ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

5. ‘అసలు ఆ కాలంలో స్త్రీలు గీయలేదేమో’ అనిపిస్తే అక్కడ ఆగండి. 1971లో అమెరికన్ కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్ తన వ్యాసంలో ఈ ప్రశ్ననే తిరగేశారు. లోపం ప్రతిభలో కాదు, సంస్థల్లో ఉందన్నారు. పెద్ద చారిత్రక చిత్రాలు గీయాలంటే నగ్న మోడల్‌ను చూసి శరీర నిర్మాణం నేర్చుకోవాలి. 19వ శతాబ్దం చివరిదాకా చాలా కళాశాలలు ఆ తరగతుల్లోకి స్త్రీలను రానివ్వలేదు. కాబట్టి మీ లెక్కలో సున్నా వస్తే, దాని పక్కన కారణం కోసం కాస్త చోటు వదలండి.

6. స్త్రీవాద కళ ఎదురైతే అందులోని శ్రమను చూడండి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న ‘ది డిన్నర్ పార్టీ’ ఒక పెద్ద భోజనాల బల్ల. కళాకారిణి జూడీ షికాగో అందులో 39 మంది స్త్రీలకు విస్తళ్లు వేసినట్టు చోటు కేటాయించారు. కింది నేల పలకల మీద ఇంకో 999 పేర్లు రాశారు. పింగాణీ పళ్లెం, కుట్టుపని వంటి ‘ఇంటిపని’నే ఆమె కళగా నిలబెట్టారు. మరో కళాకారిణి మియర్ల్ లాడర్‌మన్ యూకలెస్ 1973లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక మ్యూజియం మెట్లను గంటల తరబడి కడిగి, అదే తన కళాకృతి అన్నారు. రోజూ అవే మెట్లు కడిగేవాళ్ల పేరు ఏ లేబుల్ మీదా ఉండదు కదా!

7. అంకెలతో ప్రశ్న పంపండి. ‘మీరు స్త్రీలను పట్టించుకోరు’ అంటే మర్యాదగా ఒక జవాబు వస్తుంది, అంతే. ‘ఫలానా గదిలో 40 కృతులుంటే స్త్రీలవి మూడు, ప్రదర్శనకు పెట్టకుండా లోపల దాచినవి ఎన్ని ఉన్నాయి? పోయిన ఏడాది ఎన్ని కొన్నారు?’ అంటే ఎవరో ఒకరు జాబితా తెరవాలి. కొనుగోళ్ల సంగతి తప్పకుండా అడగండి. అమెరికాలోని బాల్టిమోర్ కళా మ్యూజియం 2020 పొడుగునా స్త్రీల కృతులు మాత్రమే కొంటామని 2019లో ప్రకటించింది, అంటే తలుచుకుంటే వీలవుతుంది.

పేజీ మీద తేదీ వేసి దాచండి. కొన్నేళ్లకు అదే గదికి మళ్లీ వెళ్లండి. గెరిల్లా గర్ల్స్ 2012లో మెట్రోపాలిటన్‌లో మళ్లీ లెక్కపెట్టారు. నగ్నరూపాల్లో స్త్రీలవి 76 శాతానికి తగ్గాయి. కళాకారుల్లో స్త్రీలు 4 శాతం లోపే ఉన్నారు.